నవ్విన దేవుడు - అలిగిన భక్తులు

ఒక మతాచార్యుడు కారు నడుపుచుండును. ప్రక్క ఆసనమున యేసుక్రీస్తు కూర్చుండి యుండును. తెల్లని అంగీ, గడ్డము, పొడుగైన జుట్టు - పటములలో ఎల్లరును ఎరిగిన రూపమే. ఆయన మహిమలు చూపడు, ఉపన్యాసములు చేయడు. చిరకాల మిత్రునివలె పలుకరించును, ఒక్కొక్కప్పుడు చమత్కరించును. నొప్పి తగ్గించు మాత్రలకు ఆ మతాచార్యుడు దాసుడైన సంగతిని మెల్లగ గుర్తుచేయును. తక్కినవారెవ్వరికిని ఆయన కనబడడు.

2006 జనవరి 6వ తేదీన అమెరికాలోని ఎన్.బి.సి. టెలివిజన్ సంస్థ ప్రారంభించిన 'ది బుక్ ఆఫ్ డేనియల్' అను ధారావాహికకు ఈ సంభాషణలే ప్రాణము. దాని సృష్టికర్త జాక్ కెన్నీ. డేనియల్ వెబ్‌స్టర్ అను మతాచార్యునిగ ఐడన్ క్విన్, క్రీస్తుగ గారెట్ డిల్లాహంట్, మహిళా బిషప్పుగ ఎలెన్ బర్స్టిన్ నటించిరి. బైబిలు పాత నిబంధనలోని ఒక గ్రంథము పేరే దీనికిని పెట్టబడినది. హాస్యమును విషాదమును కలనేసిన ఈ కథ అదే నెల 24వ తేదీకి ప్రసారమునుండి తొలగింపబడెను. తయారైన భాగములు ఎనిమిది. టెలివిజనులో ప్రేక్షకులకు లభించినవి నాలుగు మాత్రమే.

మూడు వారములైనను నిండని ఈ ఆయుర్దాయమునకు కారణమేమి? దీనికి ఉత్తరము చెప్పవలెనన్న ముందు కథను కొంత తెలిసికొనవలెను.

డేనియల్ ఎపిస్కోపల్ సంఘమునకు చెందినవాడు. ఆంగ్లికన్ సంప్రదాయమునకు చెందిన ఈ సంఘములో మతాచార్యులు వివాహమాడి సంసారము చేయవచ్చును. అందువలన ఒకే గృహమున గురుపీఠమును సంసారపు చిక్కులును కలిసి నిలుచుటకు ఈ కథలో వీలు కలిగినది. ఆ చిక్కులకు కొదువ లేదు. పెద్దకుమారులైన కవలలలో ఒకడు రక్తపు క్యాన్సరుతో మరణించినాడు. రెండవవాడు స్వలింగ ప్రియుడు. కుమార్తె గంజాయి అమ్మబోయి పోలీసులకు చిక్కినది. భార్య మద్యమున ఓదార్పు వెదకుకొనుచున్నది. తోడల్లుడు చర్చి సొమ్ము కాజేసి పోయినాడు. తల్లికి మతిమరుపు వ్యాధి. తండ్రి బిషప్పు, కుమారునితో చనువుగ మాటాడని కఠినుడు. ఇన్నిటి నడుమ ఆదివారమున వేదికపై నిలిచి పరులకు ధైర్యము చెప్పవలసిన బాధ్యత డేనియల్‌ది.

ఈ ధారావాహికపై ధ్వజమెత్తినవారిలో అమెరికన్ ఫ్యామిలీ అసోసియేషన్ ముఖ్యమైనది. డొనాల్డ్ వైల్డ్‌మన్ అను మెథడిస్టు మతాచార్యుడు 1977లో నెలకొల్పిన సంస్థ అది. మాత్రలకు లొంగిన గురువు, కట్టుబాట్లు లేని పిల్లలు, వారిని గట్టిగ గద్దింపని క్రీస్తు - ఇది క్రైస్తవులను అవహేళన చేయుటయే యని ఆ సంస్థ వాదించెను. లక్షలకొలది నిరసన లేఖలు పంపించితిమని ప్రకటించెను. ప్రకటనలిచ్చు వ్యాపార సంస్థలను వెనుకకు తగ్గుమని కోరెను. ఈ ఉద్యమము మొదటి భాగము ప్రసారము కాకమునుపే ఆరంభమైనది. అర్కాన్సాస్ రాష్ట్రపు లిటిల్ రాక్, ఇండియానా రాష్ట్రపు టెర్రె హోట్ పట్టణములలోని ఎన్.బి.సి. అనుబంధ కేంద్రములు దీనిని ప్రసారము చేయబోమని ముందుగనే చెప్పివేసినవి. విచిత్రమేమన, లిటిల్ రాక్‌లో ఒక కేంద్రము మూసిన తలుపును అదే పట్టణమున మరియొక కేంద్రము తెరచి, ధారావాహికను తాను ప్రసారము చేసెను.

కథలోని గురువు ఏ సంఘమువాడో, ఆ ఎపిస్కోపల్ సంఘీయులలోనే అభిప్రాయములు చీలినవి. స్వలింగ ప్రియుడైన జీన్ రాబిన్సన్ 2003లో న్యూ హాంప్‌షైర్ బిషప్పుగ అభిషిక్తుడైన నాటినుండి ఆ సంఘమున తీవ్రమైన వివాదము నడుచుచుండెను. అట్టి సమయమున ఈ కథ తమ మానని గాయమును కెలకుచున్నదని కొందరు బాధపడిరి. మరికొందరు దీనిని అవకాశముగ స్వీకరించిరి. వాషింగ్టన్ డయోసీసువారు ధారావాహికను చూచి చర్చించుటకై ఒక వేదికనే ఏర్పరచిరి. తప్పులు చేయు గురువు, అతనిని విడువని దేవుడు - తాము బోధించు క్షమాగుణము ఇది కాదా యని వీరి ఆలోచన.

విమర్శకుల తీర్పు వేరొక రీతిది. వారిలో పెక్కురకు దైవదూషణ కనబడలేదు. కథన దోషము కనబడినది. ఒక కుటుంబము మోయదగిన కష్టములకు మించి రచయిత నెత్తిన పెట్టినాడనియు, ఒక దుఃఖము మనసుకు ఎక్కకమునుపే మరియొకటి త్రోసికొని వచ్చుచున్నదనియు వారి ఆక్షేపణ. క్విన్ నటనను, క్రీస్తుతోడి నిదానమైన సన్నివేశములను మాత్రము మెచ్చుకొన్నవారు కలరు. ప్రేక్షకుల సంఖ్యయు వారము వారము తగ్గుచు వచ్చెను. కనుక ధారావాహిక నిలిచిపోవుటకు నిరసనయే కారణమా, ఆదరణ లేమియా అను వాదము తెగలేదు. రెండును కలిసి పనిచేసినవనుటయే సమంజసము. ప్రభుత్వము మాత్రము ఇందులో జోక్యము చేసికొనలేదు. తెర దించినది ప్రసార సంస్థయే.

అమెరికా టెలివిజనుకు దైవము క్రొత్త పాత్ర కాదు. 1994నుండి 2003వరకు సాగిన 'టచ్డ్ బై యాన్ ఏంజెల్' దేవదూతల కథ. 2003నుండి 2005వరకు వచ్చిన 'జోన్ ఆఫ్ ఆర్కేడియా'లో దేవుడు ఒక బాలికకు దారిన పోవు సామాన్యుల రూపములలో కనబడి మాటాడుచుండును. వీనికి ఇంతటి ఎదురుగాలి వీచలేదు. భేదము రూపములో నున్నది. అపరిచితుని నోట వచ్చిన పరిహాసమును భక్తుడు సహింపగలడు. తాను మ్రొక్కు పటములోని మూర్తియే దిగివచ్చి, కారులో కూర్చుండి ఛలోక్తి విసరినచో ఉలికిపడును. ఆ ఉలికిపాటు అజ్ఞానమని తేలికగ త్రోసివేయదగినది కాదు. అది ప్రేమలోనుండి పుట్టినదే.

తెలుగు చదువరులకు ఇచట నిందాస్తుతి స్ఫురించుట సహజము. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకమున శ్రీకాకుళపు ఆంధ్రవిష్ణువును నిలదీసి, వెక్కిరించి, ఆ వెక్కిరింతలోనే స్తుతించెను. భక్తికి చనువు శత్రువు కాదని ఆ సంప్రదాయము చెప్పుచున్నది. అయినను పోలిక కొంతవరకే చెల్లును. నిందాస్తుతిలో భక్తుడు దేవుని ఎత్తిపొడుచును; డేనియల్ కథలో దేవుడే భక్తుని చూచి నవ్వుచున్నాడు. అదియునుగాక, శతకమును విన్నవారు సంప్రదాయమెరిగిన శ్రోతలు. టెలివిజనుకు అట్టి హద్దులేదు. విశ్వాసియు, అవిశ్వాసియు, అలసి ఇల్లు చేరినవాడును ఒకే తెరముందు కూర్చుందురు.

ఈ ఉదంతము పాఠశాలలో చర్చింపదగినది. ఒక కృతి గురించి రెండు ప్రశ్నలు వేయవచ్చును: అది మనసును నొప్పించినదా, అది చక్కగ రచింపబడినదా? రెండును న్యాయమైనవే, కాని రెండును ఒకటి కావు. నొప్పించిన కృతి గొప్పది కావచ్చును. నొప్పింపనిది చప్పగ నుండవచ్చును. నొప్పించినంత మాత్రమున గొప్పదియు కాబోదు. ఏ ప్రశ్నకైనను ఉత్తరము చెప్పుటకు ముందు దానిని చూచియుండవలెను. డేనియల్ కథ విషయమున లోపించినది ఇదియే. చూడకమునుపే నిందించినవారు కొందరైతే, ఆ నిందకు బదులు చెప్పు ఉత్సాహమున దోషములను కప్పిపుచ్చినవారు కొందరు. ఈ రెంటి నడుమ, కష్టములను ఇంతగా పోగుచేయక గురువును అతని దేవుని ఇంకొంతసేపు మాటాడనిచ్చిన కథ ఎంత బాగుండెడిదో చెప్పవలసినవారి గొంతు వినబడలేదు.

అదే సంవత్సరము ఎనిమిది భాగములును డి.వి.డి. రూపమున వెలువడినవి. ప్రసారము కాని నాలుగు భాగములను చూచి, పూర్తి కథపై తీర్పు చెప్పు వీలు అప్పుడు కలిగినది. అప్పటికి వివాదము చల్లారి, తగవులాడినవారు తమ తమ పనులలో పడిపోయిరి.