లెక్కకెక్కని చేతులు

2020 వేసవి. వైశాఖం, జ్యేష్ఠం కలిసొచ్చిన పెళ్లిళ్ల కాలం. లాక్‌డౌన్‌తో ముహూర్తాలు ఆగిపోయాయి. తర్వాత అనుమతి వచ్చినా పెళ్లికి 50 మందే. షామియానాలు, కుర్చీలు, గంగాళాలు టెంట్ హౌస్ గోదాముల్లోంచి కదల్లేదు. ఏడాది తిండి ఆ రెండు మూడు నెలల్లోనే సంపాదించుకోవాల్సిన సన్నాయి, డోలు కళాకారులు ఇంట్లో కూర్చున్నారు. వంటమాస్టార్లు, వడ్డనకు వెళ్లే కుర్రాళ్లు, పూల డెకరేషన్ వాళ్లు, జనరేటర్ నడిపేవాళ్లు అందరిదీ అదే పరిస్థితి. ఇంకోవైపు అరకు, పాపికొండలు, హంపి, ఆగ్రా ఖాళీ. 2019లో దేశానికి 1.09 కోట్ల మంది విదేశీ పర్యాటకులు వస్తే, 2020లో వచ్చింది 27 లక్షల మందే.

ఆ ఏప్రిల్-జూన్ మూడు నెలల్లోనే పర్యాటకంపై ఆధారపడిన 1.45 కోట్ల ఉద్యోగాలు పోయాయని ఆర్థిక పరిశోధన సంస్థ ఎన్‌సీఏఈఆర్ అధ్యయనం అంచనా వేసింది. సాయం ఎలా వచ్చిందో చూద్దాం. 2021 జూన్‌లో కేంద్రం రుణ హామీ పథకం ప్రకటించింది. గైడ్‌కు లక్ష, ట్రావెల్ సంస్థకు 10 లక్షల రూపాయల వరకు అప్పు. పూచీకత్తు లేదు, ప్రాసెసింగ్ ఫీజు లేదు. మంచి పథకమే. కానీ ఎవరికి? కేంద్ర పర్యాటక శాఖ గుర్తించిన 10,700 మంది ప్రాంతీయ స్థాయి గైడ్లకు, రాష్ట్రాలు గుర్తించిన గైడ్లకు, సుమారు వెయ్యి సంస్థలకు. అంతకుముందే ఉన్న అత్యవసర రుణ హామీ పథకం, అప్పటికే బ్యాంకులో అప్పు ఖాతా ఉన్నవారి కోసం. కాగితం ఉన్నవాడికే సాయం. కోటికి పైగా జీవితాలు కుదేలైతే, ప్రభుత్వం దగ్గరున్న జాబితా వేలల్లోనే ఆగిపోయింది.

ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. పేరే తెలియని మనిషికి ఏ బ్యాంకూ డబ్బు పంపలేదు. అంతకు ముందు ఏడాదే వీధి వ్యాపారుల విషయంలో ఇంకోలా జరిగిందని మరిచిపోకూడదు. 2014 చట్టం వారికి గుర్తింపు ఇచ్చింది కాబట్టి 2020 జూన్‌లో పీఎం స్వనిధి రుణ పథకం మొదలైంది, తొలి విడతగా 10 వేల రూపాయల అప్పు అందింది. గుర్తింపు కార్డు లేనివారికి మున్సిపాలిటీ సిఫార్సు లేఖ చాలన్నారు. తోపుడుబండి వ్యాపారికి ఆ దారి దొరికింది. టెంట్ హౌస్ కూలీకి, పడవ నడిపే సరంగుకు దొరకలేదు.

మన పర్యాటక వ్యూహాల దృష్టి ఎక్కువగా కట్టడాల మీదే నిలిచింది. 2002 జాతీయ పర్యాటక విధానం తర్వాత, 2014-15లో స్వదేశ్ దర్శన్ పథకం వచ్చింది. 2024 చివర్లో రాష్ట్రాలకు 50 ఏళ్ల వడ్డీలేని రుణాలతో ప్రాజెక్టులు మంజూరయ్యాయి. గండికోటకు, రాజమహేంద్రవరంలో అఖండ గోదావరి ప్రాజెక్టుకు, తెలంగాణలో రామప్ప ప్రాంతానికి, సోమశిలకు నిధులు దక్కాయి. ఇవి కావాల్సినవే. పెన్నా లోయ అంచున గండికోట చూసి వచ్చినవారెవరూ అక్కడ సదుపాయాలు వద్దనరు. అయితే కోట గోడ బాగుపడ్డాక అక్కడ కథ చెప్పేదెవరు, భోజనం పెట్టేదెవరు, రాత్రి బసకు ఇంట్లో గది ఇచ్చేదెవరు? వాళ్ల పేర్లు, శిక్షణ, బీమా కూడా ప్రాజెక్టు నివేదికలో ఉండాలి. ఆంధ్రప్రదేశ్ 2024-29 విధానంలో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. ఆ హోదాతో వచ్చే రాయితీలు హోటల్ కట్టేవారికి ఎంత సులువుగా అందుతాయో, హోటల్లో వండేవారి దాకా అంత సులువుగా దిగిరావు.

సభలు, సదస్సుల రంగంలో ఈ లోటు ఇంకా లోతైనది. హైదరాబాద్‌లో 2006లో అంతర్జాతీయ సదస్సుల కేంద్రం హెచ్ఐసీసీ తెరుచుకున్నాక 2012లో జీవవైవిధ్య సదస్సు, 2017లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగాయి. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీలు జరిగినప్పుడు అందగత్తెలు రామప్ప, పోచంపల్లి చూసి వెళ్లారు. సదస్సులను దేశానికి రప్పించడమే పనిగా థాయ్‌లాండ్ 2002లోనే ప్రత్యేక సంస్థను పెట్టుకుంది. మన దేశం ఈ రంగానికి మార్గసూచిని 2022లో రాసుకుంది. ఆలస్యమైనా సరే, సంతోషమే. కానీ వేదిక ఎంత పెద్దదైనా దాని వెనక బల్లలు మోసేవాడు మేస్త్రీ పిలిస్తే వచ్చే రోజుకూలీ. కార్యక్రమం రద్దయితే పరిహారం అడగడానికి అతని చేతిలో ఒప్పంద పత్రం ఉండదు.

2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్ అసంఘటిత కార్మికుల నమోదుకు దారి వేసింది. దాన్ని ఆసరాగా తీసుకుని పర్యాటక, వేడుకల పనివారికి ప్రత్యేక జాబితా తయారుచేయవచ్చు. ప్రభుత్వ సొమ్ముతో జరిగే ప్రతి ఉత్సవంలోనూ గుత్తేదారు తన పనివారి పేర్లు నమోదు చేయాలని, బీమా కట్టాలని, వేతనం ఖాతాలోనే వేయాలని టెండరులోనే షరతు పెట్టవచ్చు. ఇందుకు కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు.

2027లో గోదావరి పుష్కరాలు. బాసర నుంచి అంతర్వేది దాకా లక్షల మందికి వండిపెట్టేవాళ్లు, పడవలు నడిపేవాళ్లు, పందిళ్లు వేసేవాళ్లు ఎవరో ఇప్పుడే రాసుకోవడం మొదలుపెడితే సమయం సరిపోతుంది. ఘాట్ల పనులతో పాటు ఆ నమోదుకూ ఒక గడువు తేదీని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ప్రకటించాలి.