న్యాయశాస్త్రం - కంప్యూటింగ్: రాబర్ట్ కోవాల్‌స్కీ రచనల ఉల్లేఖన ప్రభావం

ఒక రచనను తరవాతి పరిశోధకులు ఎన్నిసార్లు ఉల్లేఖించారో లెక్కించే పద్ధతి విజ్ఞానశాస్త్రాలలో పుట్టిందన్న అభిప్రాయం బలంగా ఉంది. వాస్తవానికి దాని మూలం న్యాయవాద వృత్తిలో ఉంది. అమెరికాలో ఫ్రాంక్ షెపర్డ్ 1873లో ఆరంభించిన సూచికలు ఒక తీర్పును తరవాతి న్యాయస్థానాలు అనుసరించాయా, అది తమ ముందున్న వ్యాజ్యానికి వర్తించదన్నాయా, లేక కొట్టివేశాయా అన్న సంగతిని గుర్తులతో నమోదు చేసేవి. యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ‘సైన్స్’ పత్రికలో వైజ్ఞానిక ఉల్లేఖన సూచికను ప్రతిపాదించినప్పుడు ఆయనకు నమూనాగా నిలిచినవి ఇవే. అయితే ఈ బదిలీలో ఆ గుర్తులు జారిపోయాయి. ఉల్లేఖన ఉన్నదన్న సంగతి నిలిచింది. అది ఆమోదమా, ఖండనమా అన్నది నిలవలేదు.

ఈ లోపం రెండు శాస్త్రాల నడుమ పనిచేసినవారి విషయంలో మరింత స్పష్టమవుతుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీ విశ్రాంత ఆచార్యుడు రాబర్ట్ కోవాల్‌స్కీ ఇందుకు మంచి ఉదాహరణ. ప్రెడికేట్ తర్కాన్నే ప్రోగ్రామింగ్ భాషగా వాడవచ్చని ప్రతిపాదించిన ఆయన 1974 నాటి పత్రం ఒక సదస్సు సంపుటిలో వెలువడింది. అల్గారిదమ్ అంటే తర్కం, నియంత్రణల కలయిక అని వాదించిన వ్యాసం 1979లో పత్రికలో వచ్చింది. అదే ఏడాది ‘లాజిక్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్’ గ్రంథమూ వెలువడింది. మారెక్ సెర్గాట్‌తో కలిసి రాసిన ఈవెంట్ కాలిక్యులస్ వ్యాసం 1986 నాటిది. ఆ సంవత్సరమే బ్రిటిష్ జాతీయతా చట్టాన్ని తర్క ప్రోగ్రాముగా మార్చి చూపిన వ్యాసం ‘కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం’లో అచ్చయింది. న్యాయశాస్త్రానికి సంబంధించినంత వరకు ముఖ్యమైనది ఈ చివరిదే.

1981 నాటి ఆ చట్టం ప్రకారం, చట్టం అమలులోకి వచ్చాక బ్రిటన్‌లో పుట్టిన వ్యక్తి, పుట్టిన సమయానికి తల్లి గాని తండ్రి గాని బ్రిటిష్ పౌరులైనా, అక్కడ స్థిరపడినవారైనా, బ్రిటిష్ పౌరుడవుతాడు. ఈ వాక్యం ‘షరతులు నెరవేరితే ఫలితం’ అనే తార్కిక నియమంగా సులభంగా ఒదుగుతుంది. చిక్కంతా నిషేధార్థంలో ఉంది. తర్క ప్రోగ్రామింగులో ఒక విషయాన్ని నిరూపించలేకపోతే అది అసత్యమని భావించే పద్ధతి ఉంది. దిక్కులేకుండా దొరికిన పసికందు విషయంలో ఈ పద్ధతి చక్కగా అతుకుతుంది. ఎందుకంటే విరుద్ధంగా రుజువు కానంతవరకు ఆ శిశువు పౌరసత్వానికి అర్హమేనని చట్టమే చెబుతోంది. కానీ సాక్ష్యం దొరకకపోవడం వేరు, వాస్తవం లేకపోవడం వేరు. ఈ భేదం తెలియని యంత్రం ఒక వ్యక్తి పౌరసత్వాన్ని అన్యాయంగా కాదనగలదు.

ఈ వ్యాసానికి ప్రశంసతోపాటు తీవ్ర విమర్శ కూడా ఎదురైంది. చట్టాన్ని స్పష్టమైన నియమాల సముదాయంగా భావించడమే మౌలికమైన పొరపాటని ఫిలిప్ లీత్ 1986లోనే ‘ది కంప్యూటర్ జర్నల్’లో వాదించాడు. ఉల్లేఖన పట్టికలో ఆ ఖండన కూడా ఒక అంకెను పెంచుతుంది, అంతే. షెపర్డ్ అయితే పక్కన ఒక గుర్తు పెట్టి ఉండేవాడు.

సూచీలు ఈ కృషిని ఎలా కొలుస్తాయో చూడవచ్చు. 2005లో జార్జ్ హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ ప్రకారం, కనీసం 30 ఉల్లేఖనల చొప్పున పొందిన రచనలు 30 ఉంటే సూచీ 30. ఆ 30లో ఒకటి వేలసార్లు ఉల్లేఖితమైనా దానికి అదనపు విలువ లేదు. జీవితకాలంలో అయిదు ప్రామాణిక గ్రంథాలు మాత్రమే రాసిన న్యాయపండితుని సూచీ అయిదును మించదు. పైగా అమెరికన్ లా రివ్యూల సంపాదకులు సాధారణంగా విద్యార్థులు. కంప్యూటింగ్ పరిశోధనలో సింహభాగం సదస్సు పత్రాలదే. ఈ రెంటినీ ఒకే తక్కెడలో తూచడం అసాధ్యమనే చెప్పాలి. పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గత రెండేళ్ల రచనలనే పరిగణిస్తుంది కనుక, 1986 వ్యాసానికి 1989 నుంచి లభించిన ఉల్లేఖనలేవీ ఆ లెక్కలోకి రావు. స్టాన్‌ఫర్డ్ లా స్కూల్‌కు చెందిన కోడెక్స్ కేంద్రం తన తొలి బహుమతితో ఆ వ్యాసాన్ని గుర్తించింది మాత్రం 2021లో, అంటే 35 ఏళ్ల తరవాత.

మన అధ్యాపకులకు ఇది దూరపు ముచ్చట కాదు. యూజీసీ 2018 నిబంధనలలో ఒక్కొక్క వ్యాసానికి విజ్ఞాన, ఇంజనీరింగ్ విభాగాలలో 8, భాషా మానవీయ సామాజిక శాస్త్రాలలో 10 పాయింట్లు నిర్ణయించారు. రచయితలు ఇద్దరికంటె ఎక్కువైతే ప్రథమ లేదా ప్రధాన రచయితకు 70 శాతం, మిగిలిన ఒక్కొక్కరికి 30 శాతం. జాతీయతా చట్టం వ్యాసానికి రచయితలు ఆరుగురు. మొదటి పేరు సెర్గాట్‌ది, మూడవది కోవాల్‌స్కీది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వల్ల కలిసే పాయింట్లను పక్కన పెడితే, ఇంజనీరింగ్ లెక్కన కోవాల్‌స్కీకి దక్కేది 2.4, మానవీయ శాస్త్రాల లెక్కన 3. ఈ రెండు అంకెలలో ఏది వర్తించాలన్నది వ్యాసంలోని విషయాన్ని బట్టి తేలదు. రచయిత ఏ శాఖలో ఉద్యోగం చేస్తున్నాడో దాన్ని బట్టి తేలుతుంది.