షిఫ్టు దిగి బ్యాటు పట్టేవారు!

పటాన్‌చెరు: ఆదివారం పూట పాశమైలారం, ఇస్నాపూర్ వైపు వెళ్తే కార్ఖానాల ప్రహరీల పక్కన ఖాళీ జాగా కనిపిస్తే చాలు, క్రికెట్టే. రాత్రి షిఫ్టు దిగి కళ్లు మండుతున్నా బంతి వదలరు. సోమవారం తెల్లారితే మళ్లీ మిషను ముందు నిలబడాల్సిన వారే. ఉద్యోగం, ఆట రెండూ మోస్తూ ప్రపంచకప్పు దాకా వెళ్లిన వారూ లేకపోలేదు. 2023 అక్టోబరులో ఉప్పల్ స్టేడియంలో ఆడిన నెదర్లాండ్స్ జట్టులో అలాంటివారు ఉన్నారు.

ఆ జట్టు పేస్ బౌలర్ పాల్ వాన్ మీకెరెన్ కరోనాతో ఆటలు ఆగిన 2020 నవంబరులో ఇంటింటికీ భోజనం పార్సిళ్లు అందించాడు. చలికాలం గడవాలిగా మరి! ఆ సంగతి దాచకుండా తనే చెప్పుకొన్నాడు. ప్రపంచకప్పుకు ముందు బెంగళూరు దగ్గర ఆలూరులో సాధనకు బౌలర్లు కావాలని ఆ జట్టు ప్రకటన ఇచ్చింది. ఎంపికైన నలుగురిలో ఒకరు చెన్నైలో భోజనం పార్సిళ్లు చేరవేసే యువకుడే. మరొకరు మన హైదరాబాదు ఎడమచేతి బౌలర్.

బెజవాడ బిడ్డ

జట్టులో తెలుగువాడూ ఉన్నాడు. పేరు తేజ నిడమానూరు. 1994లో విజయవాడలో పుట్టి, చిన్నతనంలోనే తల్లితో న్యూజిలాండ్ వెళ్లాడు. అక్కడినుంచి నెదర్లాండ్స్ చేరాడు. 2023 జూన్ 26న హరారేలో ప్రపంచకప్పు అర్హత పోటీ. వెస్టిండీస్ 374 పరుగులు చేసింది. తేజ 76 బంతుల్లో 111 కొట్టాడు. స్కోర్లు సమానం! సూపర్ ఓవర్లో వాన్ బీక్ 30 బాదితే విండీస్ 8 దగ్గరే ఆగింది. రెండుసార్లు కప్పు గెలిచిన ఆ జట్టు చివరకు ఇంటిదారి పట్టింది.

చిన్న దేశాలకు ఈ పోటీలే నిచ్చెన. 1996లో కౌలాలంపూర్‌లో తొలి ఏసీసీ ట్రోఫీ గెలిచిన బంగ్లాదేశ్ మరుసటి ఏడు ఐసీసీ ట్రోఫీ అందుకుంది, 2000లో టెస్టు హోదా పొందింది. నేపాల్ 2023లో కీర్తిపూర్‌లో యూఏఈని ఓడించి ఆసియా కప్పుకెళ్లింది. ఫుట్‌బాల్ తప్ప మరో ఆట పట్టదనుకునే ఇటలీ సైతం 2025 జులైలో ఐరోపా పోటీ నుంచి టీ20 ప్రపంచకప్పుకు అర్హత సాధించింది.

నిచ్చెన పొడుగ్గానే ఉంది. పైన చోటే తక్కువ. 2007 వన్డే ప్రపంచకప్పులో 16 జట్లు ఆడితే 2023 నాటికి 10 మిగిలాయి. హరారేకు చేరిన పది జట్లకు దక్కినవి రెండే స్థానాలు. పెద్దల పంక్తిలో విస్తళ్లు తగ్గిస్తే చిన్నవాళ్లు ఆకలితో లేవక తప్పదు.

ఉప్పల్‌లో ఆ జట్టు ఆటలు శుక్రవారం, సోమవారం పడ్డాయి. షిఫ్టు మానుకుంటే తప్ప ఈ ప్రాంత కార్మికులు చూడలేని రోజులు. పాకిస్థాన్ చేతిలో 81, న్యూజిలాండ్ చేతిలో 99 పరుగుల తేడాతో ఓటమి. తేజ బ్యాటు అక్కడ పలకలేదు. అయితే ధర్మశాలలో దక్షిణాఫ్రికాను 38 పరుగులతో, కోల్‌కతాలో బంగ్లాదేశ్‌ను 87 పరుగులతో ఓడించారు. కోల్‌కతాలో 23 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది ఆ పార్సిళ్లు మోసిన వాన్ మీకెరెనే.