కొటేషన్ కాగితంలో రాయని సంగతులు

ఇంజనీరింగ్ సీటు ఖాయమయ్యాక మా మేనల్లుడు కాకినాడ నుంచి ఫోన్ చేశాడు. "మామయ్యా, కంప్యూటర్‌కి కొటేషన్ తెచ్చాను. వాట్సాప్‌లో పెట్టాను, ఒక్కసారి చూడు" అన్నాడు. చదువుకీ ఆటలకీ ఒకటే కంప్యూటర్ కావాలి. విడిభాగాలు కొని తన చేత్తోనే బిగించుకోవాలని వాడి కోరిక. ఫోన్ అందుకున్న అక్క ఇంకో మాట కలిపింది: "డబ్బు ఒక్కసారే పెట్టగలం రా, నాలుగేళ్లూ రావాలి."

కాగితంలో ఐదు పంక్తులున్నాయి. ఐ7 ప్రాసెసర్, 3.4 గిగాహెర్ట్జ్. ర్యామ్ 16 జీబీ. గ్రాఫిక్స్ కార్డు 4 జీబీ. ఎస్‌ఎస్‌డీ 512 జీబీ. గేమింగ్ క్యాబినెట్, దాంతోపాటు 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉచితం.

చూడగానే లోటేమీ కనబడదు. ప్రతి పంక్తిలోనూ ఘనమైన అంకె ఒకటుంది, ఆ అంకెల్లో అబద్ధమూ కనబడదు. అయితే ఒక్క వస్తువుకీ పూర్తి మోడల్ పేరు లేదు. మొదటిసారి కంప్యూటర్ కొనే పిల్లలు మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. అందుకే మేమిద్దరం మాట్లాడుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

"ఐ7 అంటే ఐ5 కన్నా, ఐ3 కన్నా ఎప్పుడూ మేలే"

ఏ ఐ7 అని దుకాణంలో అడిగి రమ్మన్నాను. ఐ7-2600 అని చెప్పారట. ఇంటెల్ దాన్ని విడుదల చేసింది 2011 జనవరిలో. అప్పటికి మావాడికి నాలుగేళ్లు కూడా సరిగ్గా నిండలేదు.

ఐ3, ఐ5, ఐ7 అన్నవి ఒక బ్యాచ్‌లో ర్యాంకుల వంటివి. 2011 బ్యాచ్‌లో ముందున్నది 2022 బ్యాచ్‌లోనూ ముందుంటుందని అనుకోవడానికి లేదు. ఇంటెల్ పేర్లలో హైఫన్ తర్వాతి అంకెలు చూస్తే తరం తెలిసిపోతుంది. 2600లో మొదటి 2 అంటే రెండో తరం, ఐ5-12400లో 12 అంటే పన్నెండో తరం. 2022లో వచ్చిన ఐ3-12100కీ పాత ఐ7-2600కీ కోర్లు సమానమే, నాలుగేసి. థ్రెడ్లూ సమానమే, ఎనిమిదేసి. అయినా కొత్త ఐ3లో ఒక్కో కోర్ చేసే పని పాతదానికి సుమారు రెండింతలు.

వేగం సంగతి అలా ఉంచండి, అసలు చిక్కు మిగతావాటితో వస్తుంది. ఆ పాత ప్రాసెసర్ కూర్చునే బోర్డు డీడీఆర్3 ర్యామ్‌నే తీసుకుంటుంది. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఇంటెల్ ప్రాసెసర్ల జాబితా, కొద్ది మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరంతో మొదలవుతుంది. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మావాడు ఆశపడ్డ వాలరెంట్ ఆట విండోస్ 11 మీద నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఉండాలి, ఇంత పాత బోర్డుతో అది కుదరదు. అంటే నాలుగేళ్లు రావాలని అక్క కోరుకున్న కంప్యూటర్ మొదటి రోజునే పాతబడినదన్నమాట. ఇలాంటి పాత ఐ7ని కొత్త క్యాబినెట్‌లో, రంగుల లైట్ల మధ్య పెట్టి అమ్మడం నాకు బాధ కలిగిస్తుంది. కొనేవాళ్లలో చాలామంది తల్లిదండ్రులు ఆ సొమ్మును చీటీ పాడుకుని తెచ్చినవాళ్లే.

"గిగాహెర్ట్జ్ ఎంత ఎక్కువైతే అంత వేగం"

ఈ నమ్మకానికి 2006లోనే కాలం చెల్లింది. అంతకు ముందు ఇంటెల్ పెంటియమ్ 4ని 3.8 గిగాహెర్ట్జ్ దాకా తీసుకెళ్లింది. ఆ తర్వాత వచ్చిన కోర్ 2 డ్యుయో 2.4 దగ్గరే ఉండి దాన్ని దాటేసింది. 2013లో ఏఎండీ ఎఫ్ఎక్స్-9590తో 5 గిగాహెర్ట్జ్ తాకింది, 220 వాట్ల వేడి పుట్టించింది, అయినా ఆటల్లో అంతకంటే తక్కువ అంకె ఉన్న ఇంటెల్ చిప్‌ల వెనకే నిలిచింది. గిగాహెర్ట్జ్ అంటే క్షణానికి ఎన్ని అడుగులు వేస్తుందన్న లెక్క. ఒక్కో అడుగు ఎంత పొడవో ఆ అంకె చెప్పదు. ఒకే తరం, ఒకే కుటుంబం చిప్‌లను పోల్చేటప్పుడే అది పనికొస్తుంది.

"చివర ఎఫ్ ఉంటే ఏముంది, అదీ అదే ప్రాసెసర్"

ఇంటెల్ పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ భాగం పనిచేయదని అర్థం. ఐ5-12400, ఐ5-12400ఎఫ్ రెండూ ఆరు కోర్లవే, వేగమూ ఒకటే. ఎఫ్ కొంచెం చవక. గ్రాఫిక్స్ కార్డు ఎలాగూ కొంటున్నాం కదా, ఆ భాగంతో పనేంటని చాలామంది ఎఫ్ తీసుకుంటారు. ఆటల కోసమే అయితే నేనూ అదే చెబుతాను.

చదువుకీ అదే కంప్యూటర్ అయినప్పుడు నా సలహా వేరు. కార్డు పాడై వారంటీకి పంపితే తిరిగి రావడానికి రోజులు పడుతుంది, ఒక్కోసారి వారాలు. ఎఫ్ ఉన్న కంప్యూటర్‌లో అప్పటిదాకా తెర మీద బొమ్మే రాదు. ఎఫ్ లేనిదైతే ఆటలు ఆగుతాయి గానీ రికార్డు రాసుకోవచ్చు, ప్రోగ్రామ్ నడుపుకోవచ్చు, ఆన్‌లైన్ క్లాసు వినొచ్చు. ఆ కొద్దిపాటి తేడా ఇచ్చి ఎఫ్ లేనిదే తీసుకోమన్నాను. డబ్బు సరిపోకపోతే ఏఎండీ రైజెన్ 5 5600జీ వంటిది కొని ఏడాది పాటు కార్డు లేకుండానే గడపడం కూడా మంచి దారే. పాత కార్డొకటి తెచ్చి తగిలించడం కన్నా అది ఎన్నో రెట్లు నయం.

"గ్రాఫిక్స్ కార్డులో జీబీలు ఎక్కువుంటే ఆట బాగా ఆడుతుంది"

కాగితంలో ఉన్న 4 జీబీ కార్డు జీటీ 730 అని తేలింది. 2014 నాటిది. మార్కెట్లో ఎక్కువగా దొరికే డీడీఆర్3 రకంలో మెమరీ దారి 64 బిట్లే. సెకనుకు దాదాపు 14 జీబీ సమాచారం మాత్రమే ఆ దారిలో వెళ్లగలదు. ఆర్‌టీఎక్స్ 4060లో అదే లెక్క 272 జీబీ. గోదాం ఎంత పెద్దదైనా ద్వారం కిటికీ అంత ఉంటే బస్తాలు బయటికి రావు. 4 జీబీ నింపి దాని మీద ఆట నడిపేంత శక్తి ఆ చిప్‌కే లేదు. పైన చెప్పిన 5600జీ లోపలి గ్రాఫిక్స్ కూడా దానికన్నా చురుకైనవే.

పేరు ఒకటే ఉండి సరుకు వేరైన సందర్భమూ ఉంది. ఎన్విడియా జీటీ 1030 మొదట జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది. 2018లో అదే పేరుతో డీడీఆర్4 రకాన్నీ దించారు. మెమరీ వేగం 48 జీబీ నుంచి 17 జీబీ లోపుకు పడిపోయింది. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో పేరు మాత్రం అదే. అందుకే మెమరీ రకం ఏమిటో కూడా చదవాలని వాడికి చెప్పాను.

అలాగని జీబీలతో పనే లేదని కాదు. ఈ రోజుల్లో పెద్ద ఆటలకి 4 జీబీ చాలడం లేదు, 8 జీబీ కనీసం ఉండాలి. ఆర్‌టీఎక్స్ 3060కి 12 జీబీ ఉన్నా, 1080పీ తెర మీద ఆటల్లో 8 జీబీ 4060దే పైచేయి. మెషిన్ లెర్నింగ్ దగ్గరికొస్తే కథ మారుతుంది. అక్కడ మోడల్ మొత్తం కార్డు మెమరీలో పట్టాలి కాబట్టి నెమ్మదైన 12 జీబీయే పనికొచ్చే సందర్భాలున్నాయి. పైగా కాలేజీల్లో నేర్పే సాధనాలు ఎక్కువగా ఎన్విడియా వారి ‘కూడా’ (CUDA) సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడినవి. ఆటలకి ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600 చక్కటి కార్డు, దాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. మావాడు సీఎస్‌ఈ కాబట్టి ఎన్విడియా వైపు మొగ్గాం. సివిల్ బ్రాంచి వాడై ఆటోక్యాడ్‌లో ప్లాన్లు గీసుకునేవాడైతే ఆ డబ్బును ముందు ప్రాసెసర్ మీదా ర్యామ్ మీదా పెట్టమనేవాణ్ని.

"16 జీబీ ర్యామ్ ఎలా పెడితేనేం"

16 జీబీ ఒక్క కడ్డీ పెడితే ఒక్క ఛానల్ మీదే నడుస్తుంది. 8 జీబీవి రెండు పెడితే రెండు ఛానళ్లూ తెరుచుకుంటాయి. డీడీఆర్4 3200 రకంలో ఒక ఛానల్‌కి సెకనుకు 25.6 జీబీ, రెండింటికి 51.2. ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌తో ఆడేవాళ్లకి ఈ తేడా కంటికి కనిపిస్తుంది, ఎందుకంటే వాటికి వేరే మెమరీ ఉండదు. బోర్డులో నాలుగు స్లాట్లుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకపోతే 3200 ర్యామ్ చాలా బోర్డుల్లో 2133 దగ్గరో 2400 దగ్గరో ఉండిపోతుంది. ఏళ్ల తరబడి అలాగే వాడుతున్న కంప్యూటర్లు నేను చూశాను. డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్లాట్‌లో ఒకటి పట్టవు, కాబట్టి బోర్డు కొన్నాకే ర్యామ్. ఇక ధర విషయం: 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. అందుకే ఇక్కడ రూపాయల్లో ఏమీ రాయడం లేదు, కొనే రోజు ధరే ధర.

మిగతావి త్వరగా చెబుతాను. ఎస్‌ఎస్‌డీ పెడితే ఆటలో ఫ్రేములు పెరగవు. ఆట తెరుచుకునే సమయం తగ్గుతుంది, విండోస్ చకచకా లేస్తుంది. సాటా రకం సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగుతుంది, ఎన్‌వీఎంఈ 3500 దాటి పోతుంది. 7000 రకం కోసం అప్పు చేయనక్కర్లేదు. వాటర్ కూలింగ్ లేకపోతే మన ఎండలకి కంప్యూటర్ తట్టుకోదన్నదీ అపోహే. విజయవాడ మే నెలలో గది 40 డిగ్రీలుంటే వాటర్ కూలర్ కూడా ఆ గాలితోనే చల్లబడాలి, గది కన్నా చల్లగా చేయలేదు. 65 వాట్ల ప్రాసెసర్‌కి మామూలు ఫ్యాన్ చాలు. ముందు వైపు జాలీ ఉన్న క్యాబినెట్, నెలకోసారి దుమ్ము దులపడం, ఇవి ముఖ్యం. 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నంత మాత్రాన 144 రాదు. కేబుల్ బోర్డుకి కాకుండా కార్డుకి పెట్టాలి, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 144 ఎంచుకోవాలి.

"అమెరికా నుంచి తెప్పిస్తే చవక"

మన ఇళ్లలో ఈ మాట రాకుండా ఉండదు. డాలస్ నుంచి బావ వస్తున్నాడు, కార్డు పెట్టెలో పెట్టుకొస్తాడని మావాడూ అన్నాడు. చాలా కంపెనీలు వారంటీని కొన్న దేశానికే పరిమితం చేస్తాయి. మూడేళ్ల వారంటీ ఉన్న కార్డు ఏడాదికే పోతే దాన్ని మళ్లీ అమెరికా పంపడం ఎవరివల్ల అవుతుంది? సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట ఒక పూట తిరిగి నాలుగు దుకాణాల్లో ధర కనుక్కోవడం మేలు. జీఎస్టీ ఉన్న పక్కా బిల్లు తీసుకోవాలి, ప్రతి వస్తువు సీరియల్ నంబరూ దాని మీద రాయించుకోవాలి. కచ్చా బిల్లుతో నాలుగు డబ్బులు మిగులుతాయని ఆశపడితే వారంటీ చేజారిపోతుంది.

"ఇంట్లో బిగిస్తే ఏదో ఒకటి కాలిపోతుంది"

అక్క భయం ఇదే. కంప్యూటర్ లోపలి కనెక్టర్లు దాదాపు అన్నీ ఒకే వైపు పట్టేలా చేసినవి, ఒత్తి తోస్తే తప్ప తప్పు చోట కూర్చోవు. నిజంగా జాగ్రత్తపడాల్సింది ఒక్క చోట: 12400 కూర్చునే సాకెట్‌లో సన్నటి పిన్నులు బోర్డు మీదే ఉంటాయి. ప్రాసెసర్ చేతి నుంచి జారి వాటి మీద పడితే బోర్డు పోయినట్టే. ప్రాసెసర్ మూల మీది త్రిభుజం గుర్తును సాకెట్ గుర్తుతో కలిపి, మెల్లగా దించి వదలాలి. థర్మల్ పేస్ట్ బఠాణీ గింజంత చాలు. మొదటిసారి వెలగకపోతే గాబరా పడొద్దు, ప్రాసెసర్ పక్కన పెట్టాల్సిన 8 పిన్నుల కరెంటు కేబుల్ మరిచిపోవడం చాలామందికి జరిగేదే.

"ఎస్‌ఎంపీఎస్ ఏదైతేనేం, ఉచితంగా వస్తోందిగా"

అన్నిటికన్నా ఈ పంక్తే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఎస్‌ఎంపీఎస్ అన్ని భాగాలకీ కరెంటు పంచే పెట్టె, దాని వల్ల ఆటలో ఒక్క ఫ్రేము పెరగదు కాబట్టి దాని గురించి ఎవరూ అడగరు. అది పోతూ పోతూ బోర్డునీ కార్డునీ తీసుకుపోగలదు. ఉచితంగా వచ్చిన దాని స్టిక్కర్‌ని ఫొటో తీసి పంపమన్నాను. పైన 500 వాట్లు అని ఉంది. కింద 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు. గుణిస్తే 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తాగేది ఆ 12 వోల్టుల నుంచే. 115 వాట్ల 4060కి, నిండా పనిచేస్తే 117 వాట్ల దాకా పోయే 12400కి కలిపి అది చాలదు. ఎన్విడియా 4060కి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని చెబుతుంది. 12 వోల్టుల దగ్గర 40 ఆంపియర్లు దాటినది, అయిదేళ్ల వారంటీ ఉన్నది తీసుకోమన్నాను. 80 ప్లస్ గుర్తు మంచిదే గానీ అది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే ముద్ర. ఓవర్ వోల్టేజ్, షార్ట్ సర్క్యూట్ రక్షణల గురించి అది హామీ ఇవ్వదు.

పెద్ద ఎస్‌ఎంపీఎస్ పెడితే కరెంటు బిల్లు పెరుగుతుందని అక్కకి ఎవరో చెప్పారు. 550 అన్నది ఇవ్వగలిగిన గరిష్ఠం, ఎప్పుడూ లాగే లెక్క కాదు. ఆట ఆడేటప్పుడు ఈ కంప్యూటర్ 250 వాట్లు లాగుతుందనుకుంటే నాలుగు గంటలకు ఒక యూనిట్. నోట్సు రాసుకునేటప్పుడు అందులో మూడో వంతు కూడా ఉండదు.

ఇక కరెంటు పోయినప్పుడు ఆదుకునే యూపీఎస్ మీద రాసేది వాట్లు కాదు, వీఏ. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల చుట్టూ ఉంటుంది. మానిటర్‌తో కలిపి దీనికి సరిపోతుంది, కొన్ని నిమిషాలే. అది పని సేవ్ చేసుకుని ఆపేయడానికి, కరెంటు లేనంతసేపూ ఆడుకోవడానికి కాదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది సైన్ వేవ్ రకమై ఉండాలి, వెనక మీట యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. లేకపోతే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపే కంప్యూటర్ ఆగిపోవచ్చు.

చివరికి వాడు కొన్నవి ఇవి: ఎఫ్ లేని ఐ5-12400, 8 జీబీ ర్యామ్ కడ్డీలు రెండు, 4060, 512 జీబీ ఎన్‌వీఎంఈ, లైట్లు లేని జాలీ క్యాబినెట్, విడిగా ఎంచుకున్న 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. లైట్లు మానుకున్నందుకు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వీడియో కాల్‌లో నేను చూస్తుండగా బిగించాడు. సాయంత్రానికి తెర వెలిగింది. కాసేపటికి "మామయ్యా, క్యాబినెట్ ముట్టుకుంటే చిన్నగా షాక్ కొడుతోంది" అన్నాడు.

భాగాల్లో తప్పేమీ లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిపాటి కరెంటు క్యాబినెట్ లోహానికి చేరుతూనే ఉంటుంది. అది ఎర్త్ తీగ ద్వారా నేలలోకి పోవాలి. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది గానీ పై రంధ్రం వెనక తీగే ఉండదు. స్పైక్ బస్టర్ మార్చినా ఫలితం రాదు. వెంటనే ప్లగ్ తీయించాను. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పితే నేను అనుకున్నట్టే ఆకుపచ్చ తీగ జాడ లేదు. మీటర్ దగ్గర నుంచి కొత్త తీగ లాగి, పెరట్లో ఎర్త్ గుంత తీసి, రెండు బిందెల నీళ్లు పోశారు. ఆ తర్వాతే కంప్యూటర్ మళ్లీ ఆన్ చేయనిచ్చాను.