సర్వేలకు సర్కారు డబ్బులెందుకు? శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ల ఇంట్లోనే ఉంది జవాబు!

రోడ్డు వేస్తే కనిపిస్తుంది. బ్రిడ్జి కడితే కనిపిస్తుంది. మరి ఎవరెలా బతుకుతున్నారో తెలుసుకునే పరిశోధనలకు ప్రభుత్వం డబ్బులిస్తే ఏం కనిపిస్తుంది? చాలామందికి ఇదే డౌట్. దీనికి జవాబు కావాలంటే శ్రీకాళహస్తి దాకా వెళ్తే చాలు.

కరక్కాయ, గేదెపాలలో నానబెట్టిన గుడ్డ. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన నల్లరంగు. వెదురు కలంతో చేత్తో గీసే బొమ్మ. ఇదీ శ్రీకాళహస్తి కలంకారీ. 1950ల నాటికి ఈ పని తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డు, కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో ఆ దశకం చివర్లో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. అంతకంటే ముందు జరగాల్సిన పని ఒకటుంది.. ఈ విద్య ఇంకా ఎవరి చేతిలో ఉందో వెతకడం. ఆ వెతుకులాటకు ఏ వ్యాపారీ పెట్టుబడి పెట్టడు!

1961 జనగణనలో అప్పటి రిజిస్ట్రార్ జనరల్ అశోక్ మిత్రా తలలు లెక్కపెట్టడంతో ఆగలేదు. ఊళ్లు, చేతివృత్తులు, జాతరలపై ప్రత్యేక సర్వేలు చేయించారు. అప్పట్లో దండగ అనిపించి ఉండొచ్చు. కానీ 1999 నాటి చట్టం ప్రకారం జీఐ గుర్తింపు కావాలంటే, ఆ వస్తువు ఆ ఊరిదేనని చరిత్ర ఆధారాలు చూపాలి. కాగితం లేకపోతే కళ మనదే అయినా పేరు మనది కాదన్నమాట. శ్రీకాళహస్తి కలంకారీకి ఆ గుర్తింపు ఉంది. కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింట్ చీరలు అమ్ముతున్న ఈ రోజుల్లో దాని విలువ కళాకారులకు బాగా తెలుసు.

ఇప్పుడు ఈ పరిశోధనలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? ఢిల్లీలోని భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి, అంటే ఐసీఎస్ఎస్ఆర్, 1969లో మొదలైంది. కేంద్ర విద్యాశాఖ కింద పనిచేస్తుంది. హైదరాబాద్‌లోని సెస్ లాంటి సంస్థలకు, యూనివర్సిటీల్లో ప్రాజెక్టులకు నిధులిస్తుంది. సైన్స్, టెక్నాలజీకి ఇచ్చేదాంతో పోలిస్తే ఇది చాలా చిన్న మొత్తం.

విమర్శలూ ఉన్నాయి. రిపోర్టులు ఇంగ్లీషులో రాస్తారు, లైబ్రరీ బీరువాల్లో పెడతారు. ప్రశ్నలు అడిగించుకున్న మనిషికి మాత్రం ఆ జవాబులతో ఏం చేశారో తెలియదు. ఈ మాట నూటికి నూరు పాళ్లూ నిజం. అలాగని నిధులు కోసేస్తే లాభమేంటి? ఆ రిపోర్టుల సారాంశం తెలుగులో ఇవ్వాలని షరతు పెడితే సగం గొడవ తీరిపోతుంది.

లెక్కలు ఆగిపోతే ఏమవుతుందో రేషన్ కార్డే చెబుతుంది. ఆహార భద్రత చట్టం 2013లో వచ్చింది. కేంద్రం బియ్యం ఎంతమందికి ఇవ్వాలన్నది 2011 జనాభా లెక్కతోనే నడుస్తోంది, దేశమంతా కలిపి సుమారు 81 కోట్ల మంది. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. ఈలోగా పెరిగిన కుటుంబాల సంగతేంటి? ఏపీలో కేంద్రం పరిధిలోకి రాని కార్డుల భారం రాష్ట్రం మోస్తోంది.

కొత్త జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటిస్తూ కేంద్రం 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఈసారి కులం వివరాలు కూడా అడుగుతారు. అయితే శ్రీకాళహస్తిలాంటి చోట అసలు చిక్కు మరొకటి. ఇంట్లో కూర్చుని బొమ్మలకు రంగులు నింపే ఆడవాళ్లను "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగితే, "ఇంట్లోనే ఉంటాం సార్" అనేస్తారు. అంతే.. లెక్కలో ఆమె కార్మికురాలు కాదు. ఎన్యూమరేటర్ మీ ఇంటికొచ్చినప్పుడు మీరు చేసే పని పేరు చెప్పి, సరిగ్గా రాసుకున్నారో లేదో ఒకసారి అడగండి.