ముప్ఫై వేలు పోసినా పాట పలకట్లేదా?

ఖరీదైన ఇయర్‌ఫోన్లు కొన్నారు. ఫోన్‌కి తగిలించారు. తీరా వింటే పాత నూటయాభై రూపాయల జతకీ దీనికీ తేడా ఏమీ తెలియట్లేదు. లోపం ఎక్కడుంది? ఫోన్లోనా, పాటలోనా, ఇయర్‌ఫోన్‌లోనా... లేక చెవిలోనా?

మా డెస్కులో ఓ తమ్ముడున్నాడు. ఇళయరాజా అంటే పడిచస్తాడు. పోయినేడు దసరా బోనస్ చేతిలో పడగానే బట్టలు కొనలేదు, బండి సర్వీసింగుకి ఇవ్వలేదు. ముప్ఫై వేలు పెట్టి ఓ జత ఇయర్‌ఫోన్లు తెప్పించాడు. పెట్టె తెరిచే ముందు చేతులు కడుక్కుని మరీ వచ్చాడు. ఇళయరాజా 1986లో చేసిన 'హౌ టు నేమ్ ఇట్' ఆల్బమ్ పెట్టాడు. మేమంతా చుట్టూ మూగి అతని మొహంలోకే చూస్తున్నాం. అర నిమిషం... నిమిషం... మొహంలో వెలుగు రావడం అటుంచి, ఉన్నది కాస్తా పోతోంది.

'అన్నా, వయొలిన్లు రేకు మీద గీకినట్టున్నాయి. బేసు ఎటుపోయిందో తెలీట్లా. నా పాతవే నయం' అన్నాడు చివరికి.

ఆ తర్వాత వారంరోజులు అతను అడగని మనిషి లేడు. ఒకాయన ఫోన్ మార్చమన్నాడు. ఇంకొకాయన పదివేలు పెట్టి యాంప్లిఫయర్ కొనమన్నాడు. 'రెండొందల గంటలు ఊరికే పాటలు వాయించి వదిలెయ్, అదే దారికొస్తుంది' అని మరొకరి సలహా. అలా నానబెడితే బాగుపడేది ఇయర్‌ఫోన్ కాదనీ, దానికి అలవాటుపడేది మన చెవేననీ నా అనుమానం. సరే, చివరికి తేలిందేమిటంటే... ఇయర్‌ఫోన్‌కి ముందే తొడిగి ఉన్న రబ్బరు టిప్పులు మధ్యస్థం సైజువి. మావాడి చెవి రంధ్రాలు కాస్త పెద్దవి. పెట్టె అడుగున కవర్లో పడున్న పెద్ద టిప్పులు తీసి తొడిగితే పాట పలికింది. ఖర్చు సున్నా!

గాలి పోతే బేసు పోయినట్టే

ఇంట్లో పెట్టుకునే స్పీకరు గది గదంతా గాలిని కదిలించాలి. చెవిలోకి దూరే ఇయర్‌ఫోన్‌కి అంత శ్రమ లేదు. దానికీ కర్ణభేరికీ మధ్య చిక్కుకున్న చిటికెడు గాలిని అటూ ఇటూ నెడితే చాలు. కానీ ఆ గాలి నిజంగా చిక్కుకుని ఉండాలి. పక్కన సన్నటి సందున్నా సైకిల్ పంపు వాషరు పోయినట్టే. ముందుగా జారిపోయేది కిందిస్థాయి శబ్దాలు... మృదంగం ఎడమవైపు ముక్కు, బేస్ గిటారు, తబలాలో డగ్గా. అవి పోతే మిగిలినదంతా రేకుడబ్బా మోతే. ముప్ఫై వేల ఇయర్‌ఫోన్‌కైనా మూడొందల ఇయర్‌ఫోన్‌కైనా ఈ విషయంలో మినహాయింపు లేదు.

కాబట్టి పెట్టెలో వచ్చిన టిప్పులన్నీ ఒక్కొక్కటే తొడిగి చూడండి. రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని రూలేం లేదు. కుడిచెవికి పెద్దది, ఎడమచెవికి మధ్యస్థం పట్టడం చాలామందికి మామూలే. పెట్టుకోవడంలోనూ కిటుకుంది. పూర్వం పిల్లల్ని బళ్లో వేసేటప్పుడు తల మీదుగా చెయ్యి తిప్పి అవతలి చెవి అందుకోమనేవాళ్లు, గుర్తుందా? సరిగ్గా అలాగే, ఎడమచేత్తో కుడిచెవిని కాస్త పైకీ వెనక్కీ లాగి పట్టుకుని, కుడిచేత్తో ఇయర్‌ఫోన్ లోపలికి పెట్టండి. చెవిదారి తిన్నగా అవుతుంది, టిప్పు లోపల కుదురుకుంటుంది. వైరు చెవి వెనక నుంచి తిరిగేలా చేసిన రకమైతే దాన్ని అలాగే తిప్పాలి. కిందికి వేలాడదీస్తే బరువుకి జారుతుంది. స్పాంజిలా ఉండే ఫోమ్ టిప్పులైతే వేళ్ల మధ్య నలిపి సన్నగా చేసి, పెట్టుకున్నాక అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో ఆపి ఉంచాలి. ఫోమ్ పైశబ్దాల పదునుని కొంచెం తగ్గిస్తుంది. వయొలిన్లు గుచ్చుతున్నాయనుకునేవాళ్లకి మంచిదే.

సరిగ్గా కుదిరిందో లేదో తేల్చుకోవడానికి ఘంటసాలని మించిన పరీక్షాధికారి లేడు. 'మాయాబజార్' (1957) పాటలు తీసుకోండి. 2010లో సినిమాకి రంగులద్దినప్పుడు కొత్తగా చేసిన సౌండు కాదు, పాత రికార్డింగు. అది మోనో. అంటే రెండు చెవులకీ అచ్చంగా ఒకే శబ్దం వెళ్తుంది. అప్పుడు గొంతు తల మధ్యలో, కనుబొమల వెనక నిలబడి పాడుతున్నట్టుండాలి. ఓ పక్కకి ఒరిగిందా... రెండోపక్క టిప్పు వదులుగా ఉందన్నమాట. టిప్పు మార్చినా ఒరుగుతుంటే జాలీలో గులిమి పేరుకుందేమో చూడండి. పొడి బ్రష్షుతో, జాలీ కిందికి ఉండేట్టు పట్టుకుని దులపాలి. ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసబిలిటీ కింద కుడిఎడమల బ్యాలెన్స్ గీత ఒకటుంటుంది. పిల్లలు ఫోన్‌తో ఆడేటప్పుడు అదీ జరిగిపోతుంటుంది.

పుట్టింది వినికిడి యంత్రంలో

ఈ ఖరీదైన ఇయర్‌ఫోన్లలో చాలావాటి లోపల పలికేది 'బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్' అనే బియ్యపుగింజంత స్పీకరు. అది మొదట వాడుకలోకి వచ్చింది సంగీతం కోసం కాదు, వినికిడి యంత్రాల కోసం! అమెరికాలో వాటిని తయారుచేసే నోల్స్ కంపెనీలో ఏళ్లతరబడి పనిచేసిన మీడ్ కిలియన్ 1983లో ఎటిమోటిక్ రీసెర్చ్ సంస్థ పెట్టారు. ఆ సంస్థ 1991లో తెచ్చిన 'ఈఆర్-4' ఖరీదైన ఇన్-ఇయర్ ఫోన్లలో తొలితరానిది. దాన్ని చెవిలో లోతుగా దింపి, బయటి శబ్దం పూర్తిగా మూసేసి వినాలి. టిప్పు కుదరడమే సగం సంగీతమని అప్పటినుంచీ చెబుతూనే ఉన్నారు. కొనేవాళ్లమే డబ్బా మీది మిగతా అంకెలన్నీ చదివి, ఆ ఒక్కటీ వదిలేస్తాం.

చిల్లు మాయమయ్యాక

2016లో ఐఫోన్ 7తో ఆపిల్ హెడ్‌ఫోన్ జాక్ తీసేసింది. క్రమంగా చాలా ఆండ్రాయిడ్ ఫోన్లూ అదే దారి పట్టాయి. వైరు ఇయర్‌ఫోన్ వాడాలంటే ఇప్పుడు మధ్యలో తోకలాంటి అడాప్టరు కావాలి. చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి కానీ టైప్-సి అడాప్టర్లలో రెండు జాతులున్నాయి. ఒకటి ఉత్త వైరు ముక్క. ఫోన్ తనలో తానే అంకెల్ని శబ్దంగా మార్చి పంపితేనే పనిచేస్తుంది. చాలా ఫోన్లు అలా పంపవు. అందుకే వంద రూపాయల అడాప్టరు స్నేహితుడి ఫోన్లో పాడుతుంది, మీ ఫోన్లో మూగబోతుంది. రెండోదాంట్లో అంకెల్ని శబ్దంగా మార్చే చిప్, అంటే 'డ్యాక్' ఉంటుంది. కొనేటప్పుడు అడగాల్సింది దీన్నే.

ఈ డ్యాక్ మంచిదైతే అగ్గిపెట్టెలో సగమున్నా చాలు. ఆపిల్ అమ్మే చిన్న తెల్ల అడాప్టరే ఇందుకు ఉదాహరణ. దాని ధరకి పదింతలుండే పరికరాలతో పోల్చినా శబ్దం శుభ్రంగా ఉంటుంది. ఒకటే తిరకాసు... కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకి పెడితే శబ్దం సగమే వస్తుంది. వాళ్లు వేరేది చూసుకోవాలి.

మరి యాంప్లిఫయరు? చిన్న లెక్క చూద్దాం. ఇయర్‌ఫోన్ డబ్బా మీద 'సెన్సిటివిటీ 110 డెసిబెల్స్' అని రాసి ఉందనుకోండి. మామూలుగా దానర్థం ఒక్క మిల్లీవాటు, అంటే వాటులో వెయ్యోవంతు కరెంటిస్తే 110 డెసిబెల్స్ మోత వస్తుందని. అంత మోత మన చెవి నిమిషాల తరబడి కూడా భరించకూడదు. అలాంటి ఇయర్‌ఫోన్‌కి మళ్లీ యాంప్లిఫయర్ తగిలించడం కొబ్బరికాయ కొట్టడానికి రోడ్డురోలరు తెచ్చినట్టే. పైగా పాట ఆగినప్పుడు వెనక నుంచి 'సుయ్' మంటూ చప్పుడొకటి వినిపించడం మొదలవుతుంది. 300 ఓమ్‌ల పెద్ద హెడ్‌ఫోన్లు వాడేవాళ్ల సంగతి వేరు, వాళ్లకి అవసరమే. షాపులో 'దీంతో వినండి, దాంతో వినండి' అని పోల్చి చూపించేటప్పుడు మాత్రం జాగ్రత్త. రెండింట్లో కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపించడం మన చెవికున్న బలహీనత. రెండూ ఒకే గట్టిదనంలో పెట్టించుకుని విని, అప్పుడు పర్సు తియ్యండి.

పిండేసిన నిమ్మచెక్క

సీడీలో సెకనుకి 1,411 కిలోబిట్ల సమాచారం ఉంటుంది. ఒకప్పుడు మనం పెన్‌డ్రైవుల్లో పంచుకున్న ఎంపీ3 పాటల్లో చాలావరకు 128వే. మిగతాది? పిండి పారేశారు. ఆ పాటని ఇప్పుడు 'ఫ్లాక్' ఫైలుగా మార్చుకుంటే సైజు పెరుగుతుందే తప్ప పిండేసిన నిమ్మచెక్కలోకి రసం తిరిగిరాదు. మామూలు ఇయర్‌ఫోన్‌లో ఈ లోటు తెలియదు. మంచిదాంట్లో తాళాల మోత చిటపటలాడుతూ దొరికిపోతుంది. అందుకే 'కొత్తవి కొన్నాక పాత పాటలు పాడైపోయాయి' అని కొందరు వాపోతుంటారు.

పాటల యాప్ సెట్టింగుల్లోకి ఓసారి వెళ్లండి. వై-ఫైలో వినడానికి, మొబైల్ డేటాలో వినడానికి, డౌన్‌లోడుకి నాణ్యత విడివిడిగా ఉంటుంది. మూడూ మార్చాలి. తక్కువ నాణ్యతలో ముందే దించుకున్నవి చెరిపేసి మళ్లీ దించుకోవాలి. ఇది చాలామంది మర్చిపోతారు. ఆపిల్ మ్యూజిక్ 2021 జూన్ నుంచీ అదనపు డబ్బు లేకుండానే నష్టంలేని నాణ్యతలో పాటలిస్తోంది. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అంటూ ఊరించే అంకెలకి మాత్రం డేటా తగలెయ్యక్కర్లేదు. మనిషి చెవికి వినిపించేది మహా అయితే 20 కిలోహెర్ట్జ్ దాకా. సీడీ నాణ్యత అక్కడిదాకా హాయిగా వెళ్తుంది. ఫోన్లో ఒక ఈక్వలైజరు, యాప్‌లో ఒకటి, పైన డాల్బీ... ఇలా మూడు మసాలాలు ఒకేసారి దట్టించకుండా ముందు అన్నీ ఆపేసి వినండి. తర్వాత కావాలంటే ఒక్కటి కలపొచ్చు.

వైర్లెస్ వాడేవాళ్లకి ఇంకో మెలిక. బ్లూటూత్ పాటని మరోసారి పిండి పంపుతుంది. అన్నింటికీ అర్థమయ్యే 'ఎస్‌బీసీ' భాషలో సాధారణంగా గరిష్ఠం 328 కిలోబిట్లు. సోనీ తయారుచేసిన 'ఎల్‌డ్యాక్'లో 990 దాకా వెళ్తుంది. ఆండ్రాయిడ్‌లో 2017 నుంచీ ఉంది. బ్లూటూత్ సెట్టింగుల్లో మీ ఇయర్‌ఫోన్ పేరు పక్కనున్న చక్రం నొక్కి అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. మెట్రో రైల్లాంటి రద్దీలో పాట తెగుతుంటే 660కో 330కో దిగాల్సిందే. ఐఫోన్‌లో ఎల్‌డ్యాక్ లేదు, 'ఏఏసీ'తోనే పంపుతుంది. కాబట్టి డబ్బా మీద ఎల్‌డ్యాక్ ముద్ర చూసి ఐఫోన్‌వాళ్లు ఎక్కువ డబ్బులు పెట్టడం దండగ.

అటునుంచి ఇటు మార్చినా...

తమ్ముడి గొడవ తీరాక, ఈ వ్యాసం కోసమని ఆ ఇయర్‌ఫోన్లు అడిగి తీసుకుని ఘంటసాల పరీక్ష నేనూ పెట్టుకున్నాను. గొంతు కుడికి ఒరిగింది. టిప్పు మార్చాను. ఫోమ్ వేశాను. బ్యాలెన్స్ గీత చూశాను, మధ్యలోనే ఉంది. చివరికి కుడిదాన్ని ఎడమచెవికీ, ఎడమదాన్ని కుడిచెవికీ పెట్టుకున్నాను. ఇయర్‌ఫోన్‌లో లోపముంటే గొంతు ఇప్పుడు ఎడమకి మారాలి. మారలేదు. కుడివైపే ఉంది.

అంటే తేడా నా చెవిలో.

ఈఎన్‌టీ డాక్టరు ముందు గులిమేమోనని చూశారు, లేదు. వినికిడి పరీక్ష చేశారు. కాగితం మీద కుడిచెవి గీత తిన్నగా ఉంది. ఎడమచెవి గీత 4,000 హెర్ట్జ్ దగ్గర గుంటలో పడ్డట్టు దిగి మళ్లీ లేచింది. గట్టి శబ్దాలకి ఏళ్లతరబడి గురైన చెవి అక్కడే ముందు దెబ్బతింటుందట. లోపలి సన్నటి కేశ కణాలు ఒకసారి పోతే మనిషికి మళ్లీ మొలవవు. 'ఎడమచెవి ఒక్కటే ఎందుకు?' అని ఆయన అడిగితే చటుక్కున తట్టింది. పదేళ్లుగా ఇంటర్వ్యూ రికార్డింగులన్నీ ఎడమచెవికొక్కటే పెట్టుకుని, కుడిచెవి ఆఫీసు పిలుపులకి వదిలేసి, వాల్యూమ్ చివరిదాకా పెంచి రాసుకున్నవే. సిటీబస్సులోనూ అదే అలవాటు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 90 అయితే నాలుగే గంటలు! ఐఫోన్ అయితే ఎంత గట్టిగా వింటున్నామో హెల్త్ యాప్‌లో రాసిపెడుతుంది. వేరే కంపెనీ వైరు ఇయర్‌ఫోన్లకి అది అంచనా మాత్రమే. నేను పాటిస్తున్న పద్ధతి ఇంకా సులువు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక హాయిగా అనిపించిన చోట వాల్యూమ్ ఆపి, ఆ గీత గుర్తుపెట్టుకున్నాను. మర్నాడు బస్సులో అంతకుమించి పెంచాలనిపిస్తే, పెంచాల్సింది వాల్యూమ్ కాదు... టిప్పు సరిచేసుకోవాలి. అది గట్టిగా కుదిరితే బస్సు రొద లోపలికి రాదు. రొద రాకపోతే తక్కువ శబ్దంలోనే బేసూ వినిపిస్తుంది, వయొలినూ వినిపిస్తుంది.

తమ్ముడి ఇయర్‌ఫోన్లు తిరిగిచ్చేశాను. వాడు నేను అడక్కుండానే వెళ్లి వినికిడి పరీక్ష చేయించుకొచ్చాడు. రెండు గీతలూ తిన్నగా ఉన్న కాగితాన్ని వారంపాటు అందరికీ చూపించాడు కూడా. నా ఫోన్లో బ్యాలెన్స్ గీతని ఎడమకి కాస్త జరిపితే సరిపోతుంది కదా అని ఒకట్రెండుసార్లు అనిపించింది. అసలే దెబ్బతిన్న చెవికి ఇంకా ఎక్కువ శబ్దం పంపడమెందుకని జరపలేదు. ఘంటసాల నాకు ఇప్పుడు కొంచెం కుడిపక్కన కూర్చునే పాడుతున్నారు.