ఊసుపోకకు చేయు పనియా? – నరసాపురపు లేసు చెప్పు పాఠము

పండుగనాడు చుట్టములు వచ్చినప్పుడు బల్లమీద పఱచు తెల్లని లేసుగుడ్డ మనలో ననేకుల యిండ్లలో నుండును. దానిని చూచినవారు “ఎంత సొగసుగా నున్నది!” అందురు. “వెల యెంత?” అని యడుగుదురు. “దీని నల్లిన చేతి కెంత ముట్టినది?” అని యడుగువారు మాత్రము మిక్కిలి యరుదు. ఈ నెల మేము మా సోదరీమణులతో ఈ కడపటి ప్రశ్ననుగూర్చియే ముచ్చటింపదలచినాము. ఇది లేసునకు మాత్రమే సంబంధించిన ప్రశ్న గాదు. ఇంట కూర్చుండి సంపాదించు ప్రతి స్త్రీకిని సంబంధించినది.

వసిష్ఠ గోదావరి యొడ్డున, సముద్రమునకు చేరువగా, పశ్చిమ గోదావరి జిల్లాలో నరసాపురమున్నది. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చటికి వచ్చిన క్రైస్తవ మిషనరీలు ఆ ప్రాంతపు బీద స్త్రీలకు కొక్కెపు సూదితో దారమల్లు విద్యను నేర్పిరి. మొదట ఆ యల్లికలను సీమలోని మిత్రులకు పంపి, వచ్చిన సొమ్మును ఆ స్త్రీలకే యిచ్చెడివారు. ఇరువదవ శతాబ్దారంభము నుండి అది వర్తకమైనది. నరసాపురము, పాలకొల్లు ప్రాంతములందలి పల్లెలలో ఈ విద్య వ్యాపించినది. తొలుత నేర్చినవారు బీద క్రైస్తవ కుటుంబములవారు. తరువాత, గడప దాటి కూలికి పోవుట మర్యాద కాదని తలచు కాపు కుటుంబముల స్త్రీలును సూది పట్టిరి. అరుగుమీదనో, వంటయింటి వాకిటనో కూర్చుండి వీరల్లిన పువ్వులు ఓడలెక్కి యూరోపునకును, అమెరికాకును, ఆస్ట్రేలియాకును చేరినవి.

ఈ స్త్రీల జీవితమును శ్రద్ధతో పరిశీలించినది జర్మను దేశపు సమాజశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ (1931–2023). ఆమెకు మన దేశము క్రొత్త గాదు. 1960ల దశాబ్దమున పుణె నగరములో జర్మను భాష బోధించియుండెను. అంతర్జాతీయ కార్మిక సంస్థ పక్షమున 1970ల చివర ఆమె నరసాపురపు పల్లెలలో తిరిగి, అల్లువారితోను, దళారులతోను, వర్తకులతోను మాటలాడి, 1982లో ఒక గ్రంథమును ప్రకటించెను. నరసాపురపు లేసు అల్లువారిని గూర్చిన ఆ గ్రంథము నేటికిని స్త్రీల శ్రమనుగూర్చి చదువు విద్యార్థులకు పాఠ్యమై యున్నది. మన కోనసీమ కెదుటి గట్టున జరిగిన సంగతి ప్రపంచమునకు పాఠమయ్యెను గాని, మనలో నెందఱకు తెలియును?

ఆమె కనుగొన్నదేమి? ఆ స్త్రీలు దినమునకు ఆఱు మొదలు ఎనిమిది గంటలవఱకు లేసు నల్లుచుండిరి. వంట, నీరు, పిల్లలు, పశువులు – ఇవి యన్నియు దీనికి వేఱు. ఇంత చేసినను వారికి దినమునకు వచ్చు సంపాదన, వ్యవసాయకూలి స్త్రీలకు ప్రభుత్వము నిర్ణయించిన కనీస వేతనములో మూడవవంతున కైనను రాకుండెను. దారము దళారి తెచ్చి యిచ్చును. పువ్వునకో, గజమునకో ఇంత యని కూలి కట్టును. పూర్తియైన దానిని అతడే తీసికొనిపోవును. ఒకతె పువ్వులల్లును, వేఱొకతె వానిని అతుకును. తాను చేసిన పువ్వు ఏ గుడ్డలో నమరునో, ఆ గుడ్డ ఏ దేశమున నెంతకు విక్రయింపబడునో పువ్వు చేసినామె యెఱుగదు. అల్లువారందఱు స్త్రీలు, విక్రయించి లాభము గడించువారు దాదాపుగా అందఱు పురుషులు.

ఇంత యన్యాయపు కూలి ఎట్లు నిలిచినది? మరియా మీస్ ఇచ్చిన సమాధానము సూటిగా నున్నది. ఆ స్త్రీలను ఎవ్వరును కార్మికురాండ్రుగా నెంచలేదు. వారు గృహిణులు, ఇంటిపని ముగిసిన పిమ్మట తీఱిక వేళను ఊసుపోకకు అల్లుచున్నారని వర్తకుడనును, భర్తయు ననును, ప్రభుత్వపు లెక్కలవాడు ననును. చివరకు అల్లునామెయు అట్లే యనును. తీఱిక వేళ పనికి తీఱిక వేళ కూలియే గదా! దినమునకు ఎనిమిది గంటలు పట్టు తీఱిక యెక్కడిదని మాత్రము ఎవ్వరును అడుగలేదు.

ఇందులో మనము మఱువరాని మఱియొక సంగతి గలదు. అదే యూరిలో పొలమునకు పోవు కూలి స్త్రీలు లేసు అల్లువారికంటె బీదలు, కులమునుబట్టి లోకము చిన్నచూపు చూచినవారు. అయినను వారి దినకూలి లేసు కూలికంటె నెక్కువ. నలుగురు కలిసి నాటునకు పోవుదురు, నలుగురు కలిసి కూలిరేటు మాటలాడుదురు. గడపలోపల నున్నామె యొంటరిది. ప్రక్క యింటి యామె కెంత యిచ్చుచున్నారో కూడ ఆమెకు తెలియదు. “మేము బయటికి పోము” అను గౌరవమునకు ఆమె తన కూలిలో నుండియే వెల చెల్లించుచుండెను.

ఒక పని మంచిదో చెడ్డదో తెలిసికొనుటకు సమాజశాస్త్రజ్ఞులు కూలి నొక్కదానినే చూడరు. ఆ పని రేపును ఉండునా? ఎన్ని గంటలు పట్టును? ఎప్పుడు చేయవలెనో, ఎట్లు చేయవలెనో నిర్ణయించు స్వేచ్ఛ చేయునామెకు గలదా? చేసినకొలది నేర్పు పెరిగి పై మెట్టు ఎక్కుటకు దారి కలదా? జబ్బు చేసినను, ముసలితనము వచ్చినను ఆధారమేమి? తనమాట వినిపించుటకు తోడు గలరా? ఈ ప్రశ్నలను లేసునకు వేసి చూడుడు. సీమలో గిరాకి తగ్గిన నెలను ఇచ్చట దారము రాదు. నలువదియేండ్లు అల్లినామెకును నిన్న నేర్చినామెకును పువ్వుకూలి ఒక్కటియే. చూపు మందగించిన నాడు సూదితోపాటు సంపాదనయు పోవును. ఒక్క “వేళ మన యిష్టము” అను సుఖమున్నదే, అదియు ఇంటిపని నడుమ చిక్కి, రాత్రి దీపము క్రింది వేళయే యగుచున్నది.

ఆడువారి పని లెక్కకు రాకపోవుట మన దేశమునకే పరిమితము గాదు. అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞురాలు క్లాడియా గోల్డిన్, స్త్రీల ఉద్యోగముల చరిత్రను శోధించినందులకు 2023లో నోబెల్ బహుమానమందెను. ఆ దేశపు పాత జనాభా లెక్కలలో వివాహిత యగు స్త్రీ పేరు కెదురుగా వృత్తి యను చోట తఱచు “భార్య” అనియే వ్రాయబడి యుండెను. ఆమె పొలమున పనిచేసినను, ఇంటి దుకాణమున కూర్చున్నను అదే మాట. గోల్డిన్ ఆ లెక్కలను సరిదిద్ది చూడగా, పందొమ్మిదవ శతాబ్దాంతమున పనిచేయుచున్న వివాహిత స్త్రీలు లెక్కలలో నున్నదానికి దాదాపు మూడింతలని తేలెను. నరసాపురమున గృహిణి, అమెరికాలో భార్య. మాట వేఱు, మఱుగు ఒక్కటియే.

మన దేశములో 2024లో ప్రభుత్వము జరిపిన కాలవినియోగపు సర్వే మఱియొక సంగతి చెప్పుచున్నది. ఇంటివారికొఱకు జీతము లేని పనులు చేయువారిలో స్త్రీ దినమునకు 289 నిమిషములును, పురుషుడు 88 నిమిషములును వెచ్చించుచున్నారట. అనగా సూది చేత బట్టుటకు ముందే స్త్రీకి దాదాపు అయిదు గంటల పని యయిపోయినది. అటుపై చేయు ఏ పనియైనను “తీఱిక” యనబడుట ఎంత విచిత్రము!

అయితే, ఇంట చేయు పనికి పని యను పేరు రాదా? వచ్చును, వచ్చినది కూడ. తెలంగాణమున నిజామాబాదు, కరీంనగరము, సిరిసిల్ల ప్రాంతములలో బీడీలు చుట్టు సోదరీమణులను చూడుడు. వారును చేట యొడిలో పెట్టుకొని ఇంటనే కూర్చుందురు. వారికిని ఆకు, తంబాకు మధ్యవర్తి ద్వారా వచ్చును. వేయి బీడీలకు ఇంత యని కూలి. అయినను 1966లో చేయబడిన బీడీ కార్మికుల శాసనము ఇంట చుట్టువారిని గూడ కార్మికులుగా గుర్తించినది. (ఆ శాసనమును తరువాత 2020నాటి కార్మిక నియమావళిలో కలిపిరి.) భవిష్యనిధి ఇంట చుట్టువారికిని వర్తించునని 1985లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. తెలంగాణ రాష్ట్రము వారికి పింఛను ఏర్పాటు చేసినది. బీడీపని సుఖమైనదని మే మనుట లేదు. తంబాకు ధూళి రొమ్మునకు చేటు. బాగులేవని కొన్ని కట్టలను త్రోసివేయుట, ఆకు చాలకున్న సొంత డబ్బుతో కొనవలసివచ్చుట వారి నిత్యపు బాధలు. కాని పోట్లాడుటకు వారికొక పేరు, ఒక గుర్తింపు కాగితము, ఒక సంఘము కలవు. లేసు అల్లినామెకు చాలకాలము ఆ పేరే లేకపోయెను.

పేరు సంపాదించుట యెట్లో అహమ్మదాబాదు స్త్రీలు చూపిరి. అచ్చట 1972లో ఇలా భట్ ‘సేవ’ యను స్త్రీల కార్మిక సంఘమును స్థాపించెను. ఇంట కుట్టువారు, బండిపై కూరలమ్మువారు, తలమీద బరువులు మోయువారు అందు చేరిరి. యజమాని యెవడో తెలియనివారికి సంఘమెట్లని అధికారులు ఆక్షేపించిరి. సంఘము ఎవరితోనో పోరుటకే కాదు, పనిచేయువారు ఒక్కటగుటకని ఆమె బదులు చెప్పి నెగ్గెను. అట్టి ప్రయత్నముల ఫలముగానే 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపట్టు శ్రామికులకు ఇతర శ్రామికులతో సమానముగా మర్యాద జరుగవలెనని ఒక ఒడంబడికను అంగీకరించెను. దానిని తమ దేశమున అమలుపఱతుమని ఒప్పుకొన్న ప్రభుత్వములు మాత్రము నేటికిని స్వల్పమే.

కొందఱు సోదరీమణులు మమ్ము అడుగవచ్చును: “ఇంటిపట్టున నుండి నాలుగు రూకలు సంపాదించుట మేలు గాదా? బిడ్డను విడిచి ఎక్కడికి పోవుదుము?” నిజము. ఈ పని వలన పిల్లల బడిఖర్చులు గడచిన యిండ్లు, భర్త పోయిన పిమ్మట నిలదొక్కుకొన్న యిండ్లు కలవు. మేము సూది పాఱవేయుమనుట లేదు. పని యని పిలువుమనుచున్నాము. నరసాపురపు లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇక వేఱుచోటి సరకును ఆ పేరుతో నమ్మరాదు. సంతోషము. ఊరి పేరునకు రక్షణ దొరకినది గనుక, అల్లిన చేతికిని కొంత దొరకవలెనని మా కోరిక.

ఇందులకు మనవంతు ఏమి? మొదటిది, లెక్క. ఇంట అల్లిక గాని, కుట్టుపని గాని, అప్పడములు గాని చేసి అమ్ము సోదరి ఒక చిన్న పుస్తకము పెట్టుకొనవలెను. కూర్చున్న వేళ, లేచిన వేళ, తన డబ్బుతో కొన్న సామగ్రి, చేతికి వచ్చిన సొమ్ము వ్రాయవలెను. దినమునకు ఆఱు గంటల చొప్పున వారమునకు ఆఱు దినములు చేసి 360 రూపాయలు తెచ్చుకొన్నదనుకొందము. గంటకు 10 రూపాయలే యని తేలును. ఇది ఊహించి చెప్పిన లెక్క. మీ లెక్క మీరు వేసికొనుడు. ఆ యంకె కన్నుల బడినగాని బేరమాడు ధైర్యము రాదు.

రెండవది, ప్రక్కింటి యామెతో ఆ లెక్కను పోల్చుకొనుట. దళారి ఒక్కొక్క గడపలో నొక్కొక్క రేటు చెప్పగలుగుట మన మౌనము వలననే. పదిమంది కలిసిననాడు పదిమందికిని ఒకే రేటు అడుగవచ్చును. పొదుపు సంఘములు మన పల్లెలలో నున్నవి గదా, అచ్చట ఈ మాటయు సాగవచ్చును.

మూడవది కొనువారి వంతు. బేరమాడునప్పుడు “ఇంట కూర్చుండి చేసినదే గదా” యని వెల తగ్గింపకుడు. నాలుగవది అందఱి వంతు. జనాభా లెక్కలవారు గుమ్మములో నిలిచి “ఈమె ఏమి చేయును?” అని యడిగినప్పుడు “ఏమియు చేయదు, ఇంటనే యుండును” అని చెప్పకుడు. మన నోట వచ్చిన ఆ యొక్కమాట పుస్తకములకెక్కి, లక్షల స్త్రీల శ్రమను తుడిచివేయును.

ఈ మారు పండుగకు బల్లమీద లేసుగుడ్డ పఱచునప్పుడు దాని పువ్వుల నొకసారి లెక్కింపుడు. ఒక్కొక్క పువ్వునకు ఎంతసేపు పట్టియుండునో మీ యింటి పిల్లలను ఊహింపుమనుడు. వారు పెద్దవారై ఏ పనిచేసినను, ఎదుటివారిచేత ఏ పని చేయించుకొన్నను, ఆ లెక్క మఱువకుందురుగాక.